బడిలో చూసిన బొమ్మ, బడిలో తీసిన బొమ్మ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ వేళ మీకు ఒక చరిత్ర చెబుదామని వచ్చాను. చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు అనుకునేరు. అవేమీ కావు. మన పిల్లల బడిలోకి బొమ్మ ఎలా వచ్చింది, కళ్లప్పగించి దాన్ని చూస్తూ కూర్చున్న పిల్లలే చివరికి తీసేవాళ్లు ఎలా అయ్యారు, ఇదీ సంగతి. బొమ్మ అంటే ఆడుకునే బొమ్మ కాదు. మా వైపు సినిమాని బొమ్మ అంటారు. తెర మీద ఆట మొదలైతే "బొమ్మ పడ్డది" అంటారు.

ఈ ఆలోచన నాకు పుస్తకాలు చదివితే రాలేదు. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఇంటి పని, వంట పని, వీలున్నప్పుడు ఈ రేడియో మాటలు, ఇదీ నా లోకం. మా అత్తగారి ఊరు బోరంచ. నారాయణఖేడ్ దాటి వెళ్లాలి, మంజీర ఒడ్డున ఉంటుంది. నల్లపోచమ్మ తల్లి గుడి ఉన్న ఊరు. ఏటా సెలవులకు వెళ్లి నాలుగు రోజులుండి వస్తాం. అక్కడే ఒకసారి నాకూ, మా బావగారి చిన్నమ్మాయికీ ఒక తగాదా వచ్చింది. ఆ తగాదాతోనే మొదలుపెడతాను.

ఆ పిల్ల ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి, "చిన్నమ్మా, నీ ఫోను జరసేపు ఇయ్యవా? మా సారు బొమ్మ తీసుకరమ్మన్నడు" అంది.

"ఏం బొమ్మ?" అన్నాను.

"మంజీర నీళ్ల మీద. మా గుంపుల అయిదుగురం ఉన్నం. అందరి ఇండ్లల్ల ఫోన్లు నాయినలు చేనుకు పట్టుకపోయిన్రు."

నేను ఇవ్వనన్నాను. "చదువుకోండిరా అంటే సినిమాలు తీస్తారా? పాఠం చదివి అప్పజెప్పు, అది చాలు" అని గట్టిగానే చెప్పాను. మీలో చాలామంది అదే అనేవారు, కాదనకండి! ఫోను పిల్లల చేతికిస్తే ఏమవుతుందో తల్లులకి తెలియనిదా? అయితే ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. "పాఠంల మన ఊరు లేదు చిన్నమ్మా" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి 'సైట్' అన్నారు. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ పాఠాలు చెప్పే ప్రయోగం. విక్రమ్ సారాభాయ్ గారి కల అది. 1971 డిసెంబరులోనే ఆయన కన్నుమూశారు, కలని మాత్రం ఇస్రో వారు నిలబెట్టారు. ఉపగ్రహం అమెరికా వారిది, పేరు ఏ.టి.ఎస్-6. 1974 మే నెలలో ఆకాశానికెక్కింది. మన దేశానికి కనబడేలా దాన్ని జరిపి ఒక్క ఏడాదికి అరువిచ్చారు. పక్కింటివాళ్లు పెళ్లికి పెద్ద గంగాళం ఇచ్చినట్టన్నమాట!

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఈ ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు ఎంచుకున్నారు. ఒక్కో ఊరికి ఒక టీవీ సెట్టు, పది అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా. ఆ గొడుగు దేనితో చేశారనుకున్నారు? కోళ్ల దొడ్డికి కట్టే ఇనుప జాలీతో. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీల మీద నడిపారు. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి కార్యక్రమాలు. పిల్లల భాగంలో ఒక్కో భాషకీ ఇరవై రెండున్నర నిమిషాలు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. అప్పటికి టీవీ కూడా ఆకాశవాణి ఇంట్లోనే ఉండేది. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ అని పేరు పెట్టుకుని వేరు కాపురం పెట్టింది.

మా అమ్మ పుట్టిన ఊరు ఆ 2400 పల్లెల్లో ఒకటి. అమ్మకప్పుడు పదకొండేళ్లు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆమె కళ్లు మెరుస్తాయి. పొద్దున్నే బడి వరండాలో పిల్లలంతా చాపల మీద కూర్చునేవారట. సెట్టుకి తలుపులు ఉండేవట, తాళం తీసి తెరిస్తే దేవుడి గూడు తెరిచినట్టు అనిపించేదట. రైలు ఎక్కని పిల్లలు రైలు చూశారు. సముద్రం తెలియని పిల్లలు సముద్రం చూశారు. సాయంత్రం కార్యక్రమాలకి మాత్రం అమ్మకి వీలు పడేది కాదు. చిన్న తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, గొడ్లకి గడ్డి వేయాలి. మగపిల్లలు చూసొచ్చి చెబితే వినేది.

సరిగ్గా ఏడాది. 1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నారు. "ఒకనాడు తలుపులు తెరిస్తే బొమ్మ రాలేదే. ఎందుకు రాలేదో మాకు ఎవరూ చెప్పలేదు" అంటుంది అమ్మ. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది, దాని బొమ్మ అందిన ఊళ్లకు అందింది. ఆ వేళకి అమ్మ బడి మానేసింది.

ఆ ప్రయోగం వృథా అని నేననను. ఆ ఏడాదే వేలాదిమంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకి టీవీ, రేడియోల సాయంతో సైన్సు బోధనలో తర్ఫీదు ఇచ్చారు. టీవీ చూసిన పిల్లలకి మాట, భాష పెరిగాయని తర్వాత లెక్కలు తీసినవారు చెప్పారు. కానీ టీవీ వచ్చిందని బడి మానేసే పిల్లలు తగ్గలేదనీ వారే చెప్పారు. అది టీవీ తప్పు కాదు. తమ్ముణ్ణి ఎత్తుకోవలసిన పిల్లకి తెర మీద రైలు చూపిస్తే తమ్ముడి బరువు తగ్గుతుందా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకసారి అమ్మనే అడిగాను, "ఆ బొమ్మల్లో మీ ఊరు ఎప్పుడైనా కనిపించిందా అమ్మా?" అని. అమ్మ నవ్వింది. "మా ఊరేం కనిపిస్తుందే, మేము చూసేవాళ్లం కదా" అంది.

చూశారా? చూసేవాళ్లు వేరు, కనిపించేవాళ్లు వేరు, తీసేవాళ్లు ఇంకా వేరు. గుజరాత్‌లో మాత్రం ఆ రోజుల్లోనే కొంత తేడా చేశారు. ఖేడా జిల్లాలో పిజ్ అనే ఊళ్లో 1975లోనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, చుట్టుపక్కల ఊళ్ల కథలు ఆ ఊళ్లవాళ్లనే కలుపుకుని, వాళ్ల యాసలోనే తీసి చూపించారు. 1984లో ఆ పనికి యునెస్కో బహుమతి కూడా వచ్చింది. మరుసటి ఏడాదే ఆ ట్రాన్స్‌మిటర్ మూతపడింది. బహుమతి గోడకి, తాళం తలుపుకి!

ఇక నా వంతు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత దేశంలో ఎన్నో బడులకి కలర్ టీవీలు, రేడియో-కేసెట్ ప్లేయర్లు ఇచ్చారు. నేను చదివిన బడికీ ఒక టీవీ వచ్చింది. ఏ బడి అని చెప్పను. ఆ టీవీ పెద్ద పంతులుగారి గదిలో బీరువాలో ఉండేది, మీద పూల గుడ్డ కప్పి ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజున గుడ్డ తీసేవారు. నా పదో తరగతి దాకా దాన్ని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఆడపిల్లలం వెనక వరసలో నిలబడ్డాం. తెర కంటే ముందువాళ్ల తలలే ఎక్కువ కనిపించాయి. నేను సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లనే. ఆ తర్వాత పెళ్లి, వంట, పిల్లలు. అది మరో కథ, ఇవాళ అది వద్దు.

అమ్మ చూసింది, ఆగిపోయింది. నేను సరిగ్గా చూడనైనా లేదు. మూడో తరం పిల్ల వచ్చి "నేను తీస్తాను" అంటే నేను "వద్దు" అన్నాను. అందుకే ఆ మాట గుచ్చుకుంది. లేచి వెళ్లి ఫోను ఇచ్చాను.

పిల్లలు తీయదలచుకున్నది చెలిమె గురించి. పట్నం అక్కలకి చెలిమె తెలియకపోవచ్చు. ఏటి ఇసుకలో చేతులతో గుంత తవ్వుతారు. మొదట వచ్చే బురద నీళ్లు తోడి పారబోస్తారు. కాసేపు ఓపిక పడితే ఇసుకలోంచి తేటనీరు ఊరుతుంది. దాన్ని ముంతతో మెల్లగా ముంచి, బిందె మీద గుడ్డ పరిచి వడపోస్తారు. ఇంటికి నల్లా నీళ్లు రాకముందు ఏటి ఒడ్డు ఊళ్ల ఆడవాళ్లు తరతరాలుగా తాగు నీళ్లు తెచ్చుకున్నది ఇలాగే. ఏటిలో నీరు ఎర్రగా ఉన్నా చెలిమెలో నీరు ఎందుకు తేటగా ఉంటుంది? ఇది సారు పిల్లలకి వేసిన ప్రశ్న. జవాబు పుస్తకంలో చూసి రాయకూడదు, ఊళ్లో అడిగి, చేసి చూసి, బొమ్మ తీసి తేవాలి. అదీ పాఠం.

పిల్లలు మా అత్తమ్మ దగ్గరికి వచ్చారు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని చింతకాయ గింజలు తీస్తోంది. మా పిల్ల ఎదురుగా నిలబడి, ఫోను పైనుంచి కిందికి పట్టి, "నాయినమ్మా, చెలిమె సంగతి చెప్పు" అంది.

అత్తమ్మ తలెత్తి చూసింది. "ఏం బిడ్డా, నా నెత్తి మీద నిలబడి అడుగుతున్నవు? పోలీసోని లెక్క! కూసో. కూసోని అడుగు" అంది. తర్వాత చుట్టూ చూసుకుని, "ఇల్లు అలకలేదు, గోడ పెచ్చులూడింది. గిదంత దింపుతవా? నలుగురు చూస్తే ఏమంటరు? గోడ దింపనంటేనే చెప్త" అంది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరూ నేల మీద కూర్చున్నారు. గోడ కనిపించకుండా, ఆమె మొహమూ చేతులూ మాత్రం కనిపించేలా పట్టుకుని ఆమెకి చూపించారు. "గిట్లయితే మంచిదే" అని అప్పుడు మొదలుపెట్టింది.

ఆ సంఘటన నాకు జహీరాబాద్ అక్కల్ని గుర్తుకు తెచ్చింది. ఈ చరిత్రలో అసలు మలుపు వాళ్లదే, వినండి.

బోరంచ నుంచి జహీరాబాద్ పెద్ద దూరమేం కాదు. 2016 దాకా రెండూ మెదక్ జిల్లాలోవే, ఇప్పుడు రెండూ సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఏర్పడింది. దాన్ని మొదలుపెట్టిన వారిలో ఒకరు పి.వి. సతీశ్ గారు. ఆయన దూరదర్శన్‌లో చాలా ఏళ్లు కార్యక్రమాల నిర్మాతగా పనిచేశారు. మా అమ్మ చూసిన ఆ సైట్ ప్రయోగంలోనూ ఆయనకి పాత్ర ఉంది! పల్లెవాళ్ల కోసం పట్నంవాళ్లు తీసిన బొమ్మలతో మొదలైన మనిషి, తర్వాత పల్లె ఆడవాళ్ల సంఘాలతో పనిచేశారు. 2023 మార్చిలో కన్నుమూశారు.

ఆ సంఘాల్లోని అక్కలు ఎక్కువమంది దళిత స్త్రీలు, సెంటు రెండు సెంట్లు కాకపోయినా చిన్న కమతాలు చేసుకునేవాళ్లు. చాలామందికి చదువు రాదు. 1990ల చివరిలో వాళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. 2001 అక్టోబరు 15న కమ్యూనిటీ మీడియా ట్రస్టు అని సొంత సంస్థ ఏర్పడింది. తమ విత్తనాలు, తమ జొన్నలు, తమ పండుగలు, తమ కష్టాలు తామే తీసుకున్నారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, వరంగల్ రైతుల చేలకి కెమెరాతో వెళ్లి, పంట కాలమంతా వాళ్ల మాటలు పట్టుకుని 2003లో ఒక చిత్రం చేశారు. అది ఇతర దేశాల దాకా వెళ్లింది. నిన్నటిదాకా కలుపు తీసిన చేతులవి!

వాళ్ల విద్యలో నన్ను ఆకట్టుకున్నది కెమెరా చూపులకి వాళ్లు పెట్టుకున్న పేర్లు. సినిమావాళ్లు పైనుంచి కిందికి తీస్తే ఒక ఇంగ్లీషు పేరు, కిందినుంచి పైకి తీస్తే ఇంకో ఇంగ్లీషు పేరు చెబుతారు. ఈ అక్కలు పైనుంచి కిందికి చూసేదాన్ని 'పటేల్ షాట్' అన్నారు. ఊరి పటేలు గద్దె మీద కూర్చుని మనుషుల్ని అలాగే కదా చూసేది! కిందినుంచి పైకి చూసేది జీతగాడి చూపు. ఇక అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని కంటికి కన్ను సమానంగా చూసుకుంటే అది 'సంఘం షాట్'. ఏ సినిమా కళాశాల ఇంత తేటగా చెబుతుందో చెప్పండి!

మా అత్తమ్మ ఆ పేర్లు వినలేదు. కానీ "కూసోని అడుగు" అన్నది ఆ పాఠమే. ఆమె పటేల్ షాట్ వద్దంది, సంఘం షాట్ కావాలంది.

ఇది మన ఒక్క చోటి సంగతి కూడా కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి బడిపంతులు 1920లలోనే తరగతిలోకి చిన్న అచ్చు యంత్రం తెచ్చాడు. పిల్లలు ఊళ్లో తిరిగొచ్చి చూసింది చెబితే, అది వాళ్లే అచ్చు వేసుకుని పాఠంగా చదువుకునేవారు. వేరే ఊరి బడి పిల్లలకి పంపేవారు. అది కెమెరా కాదు, అచ్చు యంత్రం, కానీ ఆలోచన అదే. పుస్తకంలో లేని తమ ఊరు పాఠం కావాలి.

అమెరికాలో 1966లో సోల్ వర్త్, జాన్ అడైర్ అనే ఇద్దరు అధ్యాపకులు నవాహో తెగవాళ్లకి కెమెరాలిచ్చి, ఏం తీయాలో మాత్రం చెప్పకుండా వదిలేశారు. వాళ్లు నేత, వెండిపని, బావి లాంటివి తమ చూపుతో తీసుకున్నారు. కెనడాలో 1967లో ఫోగో అనే దీవిలో జాలరులున్నారు. సర్కారు వాళ్లని దీవి ఖాళీ చేయించాలని చూస్తోంది. ఒక్కో పల్లెవాళ్ల మాటలు తీసి ఇంకో పల్లెవాళ్లకి చూపించారు. ఎదురెదురుగా కూర్చోనివాళ్లు తెర మీద ఒకరి మాట ఒకరు విన్నారు. "అరే, మీ బాధా మా బాధా ఒకటే" అనుకున్నారు. సహకార సంఘం పెట్టుకుని దీవిలోనే నిలిచారు.

మన హైదరాబాదు మాటకొస్తే, పిల్లల సినిమాలకి ఈ ఊరు చాలాకాలం పుట్టిల్లు లాంటిది. 1955లో ఏర్పడిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ వారు అంతర్జాతీయ బాలల చిత్రోత్సవాన్ని ఎన్నో ఏళ్లు ఇక్కడ జరిపారు. 2013 నవంబరులో జరిగిన 18వ ఉత్సవంలో, పిల్లలే తీసిన చిత్రాలకి 'లిటిల్ డైరెక్టర్స్' అని వేరే పోటీ పెట్టారు. 2022లో ఆ సొసైటీని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఉత్సవం మాట ఎలా ఉన్నా, పిల్లల్ని ప్రేక్షకుల వరసలోంచి లేపి తీసేవాళ్ల వరసలో కూర్చోబెట్టిన గుర్తు ఒకటి మన ఊళ్లో పడింది.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అరువు గంగాళం కాదు, మన సొంత గంగాళం! 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు వచ్చాయి. మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది, ఒక టీవీ, ఒక ఫోను, ఇద్దరు ముగ్గురు పిల్లలు, మధ్యలో మన వంట. ఆ ఏడాది పిల్లలు మళ్లీ మా అమ్మలాగే చూస్తూ కూర్చున్నారు. ప్రశ్న వేద్దామంటే తెరకి చెవులు లేవు.

చూడటం తక్కువ అని నేననడం లేదు. చూడటంతోనే సరిపెట్టుకోకూడదంటున్నాను. ఎందుకో చెలిమె బొమ్మతోనే చెబుతాను.

అత్తమ్మ చెప్పింది: "పొద్దుగాల చీకట్లనే పోతుంటిమి. ఎవలు ముందు పోతే వాళ్లకు తేట నీళ్లు. గుంత తోడినంక జర ఆగాలె. తొందరపడి ముంచితే మళ్ల బురదే. ఎండకాలం మోకాలి లోతు తవ్వితే గాని నీళ్లు రాకపోతుండె." తన పెద్ద కూతురు కడుపులో ఉన్నప్పుడు కూడా రెండు బిందెలు మోసిందట. ఒకసారి దారిలో నొప్పులు వచ్చాయట. పిల్లలు ఆ మాట దగ్గర ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఏం అడగాలో తెలియలేదు వాళ్లకి. ఆమే మళ్లీ, "గది బొమ్మల పెట్టకున్రి బిడ్డా, మీకు చెప్పిన గంతే" అంది. వాళ్లు ఆ ముక్క తీసేశారు. నాకు చెప్పుకోవచ్చని తర్వాత ఆమే అంది కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇరవై ఏళ్ల పైబడి ఆ ఇంటి కోడల్ని. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు పిల్లలు ప్రయోగం చేశారు. ఒక ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులుగా పట్టుకున్నారు. మూతి దగ్గర గుడ్డ, దాని మీద సన్న ఇసుక, దాని మీద గరుకు ఇసుక, పైన గులకరాళ్లు. బురద నీళ్లు పోస్తే మొదట మురికిగానే వచ్చాయి. రెండోసారి, మూడోసారి పోశాక తేటపడ్డాయి. ఇసుక రేణువుల సందుల్లో మట్టి చిక్కుకుని, నీరు మాత్రం జారిపోతుంది. చెలిమెలో జరిగేదీ అదే, పట్నాల్లో నీటిశుద్ధి కేంద్రాల్లో ఇసుక పొరలతో చేసేదీ అదే. ఒక పిల్లవాడు అవి తాగబోతే సారు ఆపి, "తేటగున్న నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. మట్టి పోయింది గాని కంటికి కనబడని క్రిములు అన్నీ పోవు. కాచి తాగాలె" అన్నాడట. ఆ మాట కూడా బొమ్మలో పెట్టుకున్నారు.

ఒక నాలుగు నిమిషాల బొమ్మకి ఆ పిల్లలు ఎంత చదివారో లెక్కవేశాను. ఏం అడగాలో ముందే రాసుకున్నారు, అది భాష. నీరు ఎందుకు తేటపడిందో చేసి చూశారు, అది సైన్సు. పాతకాలంలో ఊళ్లో ఎవరెలా బతికారో విన్నారు, అది సాంఘికం. ఏది ముందు, ఏది వెనక, ఏది తీసేయాలి అని అయిదుగురూ పోట్లాడుకుని చివరికి ఒప్పుకున్నారు, దానికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు. మనం ఆడవాళ్లం మాత్రం దాన్ని ఉమ్మడి కాపురం అంటాం!

బొమ్మని తరగతిలో చూపించిన రోజున మా అత్తమ్మని కూడా పిలిచారు. ఆమె బడి మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. కొడుకుల్ని చేర్చడానికి మామయ్యే వెళ్లాడట, ఆమెకి పని పడలేదట. పిల్లలు కుర్చీ వేస్తే కూర్చోనంది, నిలబడే చూసింది. తెర మీద తన చేతులు కనిపించినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక సారు, "ఏమన్న తప్పున్నదా అమ్మా?" అని అడిగాడు. అందరూ బాగుందంటుందని చూస్తున్నారు. "ఉన్నది" అంది. "ముంత గట్ల ముంచరు. అంచుకు వంచి ముంచాలె. నిలువుగ ముంచితే అడుగు కదులుతది." పిల్లలు ఆ ముక్క మళ్లీ తీశారు. బడిలో ఎన్నడూ చదవని మనిషి, బడిలో పాఠం దిద్దింది.

పట్నం ఇళ్లలో ఇవన్నీ కుదరవని అనకండి. చెలిమె లేకపోతే ఊరగాయ జాడీ ఉంది. ఉప్పు వేస్తే ముక్క ఎందుకు చెడదు? పిండి ఎందుకు పులుస్తుంది? మూత పెడితే పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుంది? బామ్మలో అమ్మమ్మలో ఉంటే వాళ్లని అడిగి తీయమనండి. నాలుగు నియమాలు మాత్రం గట్టిగా పెట్టండి. ఫోను ఇచ్చేముందు ఏం అడగాలో కాగితం మీద రాయాలి. ఎవరిని తీసినా ముందు అడగాలి, వద్దంటే ఆపాలి. తీసింది మొదట వాళ్లకే చూపించాలి. పిల్లల మొహాలు, ఇంటి గుట్టు ఊరందరికీ పంచకూడదు, తరగతికీ ఇంటికీ మాత్రమే. పని అయ్యాక ఫోను తిరిగి ఇచ్చేయాలి. అయిదైపోయాయా? సరే, అయిదు!

ఒక మాట చెప్పి ముగిస్తాను. పస్తాపూర్ అక్కలు బొమ్మ దగ్గరే ఆగలేదు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 'సంఘం రేడియో' మొదలుపెట్టారు. ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు అక్కలు దాన్ని నడిపారు. తమ యాసలో, తమ పంటల మాటలు, తమ పాటలు. రేడియోలో మాట్లాడటానికి వచ్చిన మొదటి రోజుల్లో నేను నా యాస దాచుకోవాలని తంటాలు పడేదాన్ని. ఆ అక్కల సంగతి తెలిశాక ఆ తంటా మానుకున్నాను.

ఈ మధ్య అమ్మని బోరంచకి తీసుకెళ్లి ఆ పిల్లల బొమ్మ చూపించాను. ఫోను దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసింది. "ఇది ఏ ఊరు తీసింది?" అని అడిగింది. "ఈ ఊరే అమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా బావగారి పిల్లని దగ్గరికి పిలిచి, "మా ఊళ్లో టీవీ పెట్టె ఒకటుండేది బిడ్డా, దానికి తలుపులుండేవి. ఆ కథ చెప్తా, తీస్తావా?" అంది.

ఆ పిల్ల నా వంక చూసి చెయ్యి చాపింది. ఫోను ఇచ్చేశాను. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.